పురానీ హవేలీ వెండి, చౌమహల్లా దీపాలు, బొంబాయి ఖజానాలో నగలు

హైదరాబాదులో కాస్త వయసు పైబడిన వాళ్ళ దగ్గర "నిజాం నగలు" అని చూడండి, వెంటనే సాలార్‌జంగ్ మ్యూజియం ప్రస్తావన వస్తుంది. 2001లో ఒకసారి, 2006లో మరోసారి అవి అక్కడికి వచ్చాయి. బొంబాయి రిజర్వు బ్యాంకు ఖజానా నుంచి బందోబస్తుతో తెచ్చి, కొన్నాళ్ళు జనానికి చూపించి, మళ్ళీ పెట్టెల్లో సర్ది తీసుకుపోయారు. 2019లో ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో పెట్టారు గానీ అది మన ఊరివాళ్ళందరికీ అందే దూరం కాదు. 2006 తర్వాత ఊళ్ళో పెరిగిన పిల్లలకి ఆ నగల్లోని జేకబ్ వజ్రమంటే ఫోన్లో బొమ్మే.

అందుకే ఆసఫ్‌జాహీల, అంటే నిజాముల, వైభవం గురించి మాట్లాడుకుంటే ఎప్పుడూ ఏదో వెలితి. ఒక రాజ్యపు సింహాసనం, దర్బారు, బట్టలు, నగలు, కానుకలు మామూలుగా ఒకే కప్పు కింద ఉండాలి. ఇక్కడ మూడు చోట్లకి చెదిరిపోయాయి. దర్బారు హాలు చౌమహల్లాలో ఉంది. ఏడో నిజాం రజతోత్సవపు సింహాసనం, వెండి కానుకలు, ఆరో నిజాం బట్టల అల్మారాలు పురానీ హవేలీలో ఉన్నాయి. నగలు బొంబాయిలో ఉన్నాయి. ఏ ఒక్కటి చూసినా మూడో వంతే చూసినట్టు. మిగతా రెండూ మనసులో పెట్టుకుని చూస్తే తప్ప అక్కడున్న వస్తువు దేనికి పనికొచ్చిందో అర్థం కాదు.

పురానీ హవేలీ సంగతి ముందు. నయాపూల్ దాటి, సాలార్‌జంగ్ మ్యూజియం పక్కగా దారుల్‌షిఫా మీదుగా లోపలికి వెళ్తే, దుర్రెషెహ్వార్ ఆసుపత్రి దగ్గర వస్తుంది. కుతుబ్‌షాహీల కాలంలో పేష్వాగా, అంటే ప్రధానమంత్రిగా ఉన్న మీర్ మోమిన్‌ది ఈ జాగా అని చెబుతారు. 1777లో రెండో నిజాం అలీఖాన్ దీన్ని కొడుకు సికందర్ జా కోసం తీసుకున్నాడు. సికందర్ జా కొంతకాలం ఇక్కడుండి ఖిల్వత్‌కి, అంటే చౌమహల్లాకి మారిపోయాక, ఇది పాత హవేలీ అయి కూర్చుంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ మళ్ళీ ఇక్కడికే వచ్చి ఉన్నాడు. ఆయన కొడుకు, ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ 1886లో పుట్టింది ఇక్కడే. మధ్యలో మహల్, దానికి రెండు వైపులా ఒకదానికొకటి సమాంతరంగా సాగిపోయే పొడవాటి రెక్కలు. అందులో ఒక భాగంలో 2000 ఫిబ్రవరి 18న మ్యూజియం తెరిచారు. మిగతా ఆవరణలో ఏడో నిజాం మనవడు ముకర్రం జా ట్రస్టువాళ్ళ చదువుల వ్యవహారం నడుస్తుంది.

ఈ మ్యూజియంలో అందరికీ జ్ఞాపకం ఉండిపోయేది మహబూబ్ పాషా బట్టల అల్మారా. దాన్ని అల్మారా అనడం కూడా తప్పేమో. ఒక రెక్క పొడవునా, రెండు అంతస్తుల్లో, బర్మా టేకుతో కట్టిన తలుపుల వరస అది. నడవా మధ్యలో నిలబడి ఇటు చూసినా అటు చూసినా తలుపులే. పై అంతస్తుకి ఎక్కడానికి చేత్తో తిప్పే చెక్క లిఫ్టు ఒకటి, దాదాపు నూటయాభై ఏళ్ళ నాటిది, ఇప్పటికీ ఉంది. కరెంటు లేదు, మోటారు లేదు. తిప్పే మనిషి బలమే దాని ఇంధనం. వేసుకున్న బట్టల జత ఆయన మళ్ళీ వేసుకునేవాడు కాదని పాతబస్తీలో చెప్పుకుంటారు. అది ఎంత నిజమో గానీ, ఆ అల్మారా పొడవు చూశాక ఎవరూ వాదించరు.

మహబూబ్ పాషా అంటే ఊరికి వేరే రకమైన మమకారం. పాము కరిస్తే ఆయన పేరు తలచుకుంటే విషం దిగుతుందని నమ్మినవాళ్ళు ఉండేవారు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్నప్పుడు, నది ఒడ్డున నిలబడి హారతిచ్చాడని ఇప్పటికీ కథ నడుస్తోంది. రెండున్నరేళ్ళ వయసులో గద్దెనెక్కి, 1911 దాకా ఏలాడు. ఆయన బట్టల ముందు నిలబడి పెద్దవాళ్ళు పిల్లలకి చెప్పేది ఈ కథలే, జరీ ధర కాదు.

జరీ సంగతి మాత్రం చెప్పుకోవాల్సిందే. పాత జరీ అంటే సన్నగా సాగదీసిన వెండి రేకుని పట్టు నూలు మీద చుట్టి, పైన బంగారు పూత పూసింది. పూత అరిగినచోట లోపలి వెండి బయటపడి నల్లబడుతుంది. షేర్వానీని ఏళ్ళ తరబడి ఒకే మడతలో పెడితే, ఆ మడత గీత వెంట లోహం విరుగుతుంది. దారం బాగానే ఉంటుంది, పైన చుట్టిన రేకు మాత్రం తెగి పొట్టులా రాలుతుంది. దీనికి మందు మడతల మధ్య గుండ్రంగా చుట్టిన గుడ్డ పెట్టడం, ఏడాదికోసారి మడత చోటు మార్చడం. బరువైన షేర్వానీని సన్న హ్యాంగరుకి తగిలిస్తే భుజాల దగ్గర కుట్లు పిగిలిపోతాయి. దూది నింపిన వెడల్పాటి భుజాలున్న హ్యాంగరు కావాలి. చుట్టే మల్లు గుడ్డకి గంజి ఉండకూడదు. రెండు మూడుసార్లు వేడినీళ్ళలో ఉతికి గంజి పోగొట్టాకే వాడాలి. గంజి వాసన ఎక్కడుంటే సిల్వర్ ఫిష్ పురుగు అక్కడికి చేరుతుంది, అది గంజితో ఆపకుండా పట్టు కూడా తింటుంది. కలరా ఉండలు బట్టకి తగిలేలా వేస్తే మరకలు పడతాయి. వేయాలనుకుంటే వేరే గుడ్డ సంచీలో కట్టి పై అరలో పెట్టాలి. మన ఇళ్ళలో పట్టుచీరలకి కూడా ఇదే లెక్క, తేడా ఏమీ లేదు.

ఇక వెలుతురు. పట్టు, రంగు అద్దిన బట్ట ఉన్నచోట 50 లక్స్ మించి కాంతి పడకూడదని మ్యూజియం వాళ్ళ నియమం. అంటే సాయంత్రం వేళ గది మసకగా ఉన్నట్టుంటుంది. "ఇంత చీకటిగా పెట్టారేంటి" అని సందర్శకులు విసుక్కుంటారు గానీ, వెలిసిన రంగు మళ్ళీ రాదు. కెమెరా ఫ్లాష్ వద్దనడమూ ఈ జాగ్రత్తలోదే.

ఈ మ్యూజియం పుట్టుకకి అసలు కారణం మాత్రం బట్టలు కాదు, రజతోత్సవం. ఉస్మాన్ అలీఖాన్ 1911 ఆగస్టులో గద్దెనెక్కాడు కాబట్టి పాతికేళ్ళ పండుగ 1936లో జరగాలి. ఆ ఏడు జనవరిలో ఇంగ్లండు రాజు అయిదో జార్జి చనిపోవడంతో 1937 ఫిబ్రవరికి వాయిదా పడింది. పబ్లిక్ గార్డెన్స్‌లోని జూబ్లీ హాలు దగ్గర ఉత్సవం జరిగింది. అదే నెల 22 నాటి టైమ్ పత్రిక ఆయన బొమ్మని అట్ట మీద వేసి, ప్రపంచంలోనే అత్యంత ధనికుడని రాసింది. ఆ పండుగకి సంస్థానం నలుమూలల నుంచీ వచ్చిన కానుకలే ఇప్పుడు పురానీ హవేలీ గాజు బీరువాల్లో కనిపించేవి. పండుగలో కూర్చున్న బంగారు పూత చెక్క సింహాసనం కూడా అక్కడే ఉంది. అది ముద్ద బంగారం అనుకుని వచ్చేవాళ్ళు కొంచెం నిరాశపడతారు. దగ్గరికెళ్ళి చూడండి, చెక్కడపు మూలల్లో పూత పలచబడి చెక్క కనిపిస్తుంది. పూత పెట్టిన చెక్కకి శత్రువు తేమలో వచ్చే మార్పు. వానాకాలం చెక్క ఉబ్బుతుంది, ఎండాకాలం ముడుచుకుంటుంది, పైన ఉన్న పూత మాత్రం ఉబ్బదు, ముడవదు. దాంతో పెచ్చులు లేస్తాయి. తడిగుడ్డతో తుడిస్తే ఇంకా త్వరగా లేస్తాయి. మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులపడమే దానికి సేవ.

కానుకల్లో ఎక్కువగా కళ్ళకి కట్టేవి వెండి భవనాలు. ఊళ్ళో పేరున్న కట్టడాలన్నిటికీ చిన్న చిన్న వెండి నమూనాలు. జూబ్లీ పెవిలియన్‌కి మాత్రం బంగారంతో చేశారు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. 1908 వరద తర్వాత ఊరు మళ్ళీ కట్టుకున్న కాలం ఇది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ వచ్చాయి. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. విన్సెంట్ ఎష్ గీసిన హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి మూసీ ఒడ్డున లేచాయి. కట్టించిన రాజుకి ఆయన కట్టించిన ఊరినే వెండిలో పోతపోసి తిరిగి ఇచ్చారన్నమాట. ఏ చరిత్ర పాఠం కన్నా ఆ బీరువా ముందు పది నిమిషాలు నిలబడితే ఆ పాతికేళ్ళు బాగా తెలుస్తాయి. పక్కనే సంస్థలు, సంఘాలు, ఉద్యోగులు సమర్పించిన ఉర్దూ సన్మాన పత్రాలు ఉంటాయి. వాటిని చుట్టి పెట్టిన పెట్టెలు, గొట్టాల మీద పనితనం లోపలి కాగితం కన్నా గొప్పగా ఉంటుంది. జనం ఆ కాగితం వైపు చూడకుండా పోతారు. ఎవరు ఏ హోదాలో ఏమని పొగిడారో చదివిస్తే మ్యూజియం విలువ రెట్టింపవుతుంది. ఉర్దూ రానివాళ్ళ కోసం కింద తెలుగులో నాలుగు ముక్కలు రాసి పెట్టాలని ఎన్నాళ్ళ నుంచో అనిపించే మాట.

మావటితో సహా చేసిన వెండి తీగ ఏనుగు ఒకటుంది. ఈ వెండి తీగ పనినే ఫిలిగ్రీ అంటారు, కరీంనగర్ వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఎలగందుల నుంచి కరీంనగర్ చేరిన ఈ పనికి 2007లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బయటివాళ్ళకి ఆ పని ఎంత ఓపికదో తెలియదు కాబట్టి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

ముందు వెండి శుద్ధంగా ఉండాలి. రాగి పాలు ఎక్కువైతే తీగ పెళుసెక్కుతుంది, కొలిమిలో నల్లటి పొర కడుతుంది. కరిగించి కడ్డీ పోసి, సుత్తితో సాగగొట్టి, కమ్మచ్చు అనే బెజ్జాల ఉక్కు పలకలో ఒక బెజ్జం నుంచి అంతకన్నా సన్నటి బెజ్జంలోకి లాగుతూ పోతారు. లాగేకొద్దీ తీగ బిరుసెక్కుతుంది. మధ్యమధ్య ఎర్రగా కాల్చి చల్లార్చి మెత్తబరచకపోతే పుటుక్కున తెగుతుంది. వెంట్రుక లావుకి వచ్చాక రెండు తీగలు కలిపి మెలివేసి, రోలర్ల మధ్య నొక్కి చదును చేస్తారు. ఆ మెలిక వల్ల అంచుల్లో సన్న పళ్ళు తేలతాయి, మెరుపంతా వాటిదే. తర్వాత కొంచెం లావు తీగతో ఆకు, పువ్వు, చెవి, తొండం ఆకారాల చట్రాలు వంచి, చదును తీగని చుట్టలు చుట్టి అందులో కూరుస్తారు. చుట్టలు చట్రానికి బిగుతుగా ఉండాలి. వదులుగా ఉంటే అతుకు పెట్టేటప్పుడు జారిపోతాయి.

అతుకే అసలు పరీక్ష. టంకం పొడి, వెలిగారం కలిపి చల్లి, ఊదుగొట్టంతో మంట తగిలిస్తారు. టంకం కరిగే వేడికీ, తీగ కరిగే వేడికీ మధ్య తేడా చాలా తక్కువ. రెప్పపాటు ఆలస్యమైతే పువ్వంతా ముద్దయిపోతుంది. తక్కువైతే టంకం గుళికలుగా నిలిచి, ఏళ్ళ తర్వాత అక్కడే ఊడుతుంది. అందుకే ఏనుగంత వస్తువుని ఒకేసారి అతకరు, ముక్కలుగా అతికి చివర్లో కలుపుతారు. చివరి అతుకుకి మొదటి అతుకులు విడిపోకుండా తక్కువ వేడికి కరిగే టంకం వాడాలి. ఆపైన పలచటి ఆమ్లంలో ముంచి వెలిగారం పెంకు పోగొట్టి, కుంకుడు రసంతో కుంచె పెట్టి రుద్దితే ఆ పాలతెలుపు వస్తుంది. ఆమ్లం సరిగ్గా కడగకపోతే చుట్టల లోపల మిగిలి, కొన్నాళ్ళకి పచ్చటి మచ్చలుగా బయటపడుతుంది. పాత ఫిలిగ్రీ వస్తువుల మీద కనిపించే ఆకుపచ్చ చుక్కలకి ఇదొక కారణం.

వెండి నల్లబడటం మరో గొడవ. గాలిలోని గంధకం తగిలి ముందు పసుపుగా, తర్వాత గోధుమగా, నీలంగా, చివరికి నల్లగా మారుతుంది. మురుగు కుళ్ళితే వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ దీనికి ముఖ్య కారణం. మూసీ ఒడ్డున వెండి మ్యూజియం నడపడం అంటే ఏమిటో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు. పైగా బీరువాలో వేసే ఉన్ని గుడ్డ, కొన్ని రకాల రబ్బరు కూడా గంధకాన్ని వదులుతాయి. అందం కోసం పరిచిన గుడ్డే వస్తువుని నల్లబరచడం మ్యూజియాల్లో మామూలుగా జరిగే పొరపాటు.

ఇంట్లో మనం చింతపండు, ఉప్పు పెట్టి తోమేస్తాం. ఇత్తడికి అది సరే. వెండి అతుకుల్లో రాగి ఉంటుంది కాబట్టి పులుపు ఆ అతుకునే తింటుంది. ముగ్గుపిండి, పళ్ళపొడి గీతలు పెడతాయి. సోడా, అల్యూమినియం రేకు, వేడినీళ్ళ పద్ధతి సాదా గిన్నెకి బాగానే ఉంటుంది. రాళ్ళు పొదిగినవి, మీనా పని (రంగుల గాజు పూత) చేసినవి, చెక్కడం కనిపించడానికి కావాలని నల్లబరచినవి అందులో వేస్తే పాడవుతాయి. తెలిసినవాళ్ళు చేసేదేమిటంటే, చాలా మెత్తటి సుద్దని డిస్టిల్డ్ వాటర్‌తో గానీ స్పిరిట్‌తో గానీ పలచగా కలిపి, దూది పుల్లతో నెమ్మదిగా తుడవడం. అయినా తుడిచిన ప్రతిసారీ కొంత వెండి పోతుంది. ఏటా తోమితే వంద ఏళ్ళకి అక్షరాలు చదునైపోతాయి. ఫిలిగ్రీ లోపలి చుట్టలకైతే దూది పుల్ల కూడా అందదు, నూలు గ్లవుజులు తీగ పళ్ళకి చిక్కుకుంటాయి, అందుకని నున్నటి నైట్రైల్ గ్లవుజులు వేసుకోవాలి. అన్నిటికన్నా మేలు గాలి చొరబడని బీరువా, అందులో తేమ పీల్చే సిలికా జెల్, వాయువులు పీల్చే బొగ్గు. కాస్త పసుపు తిరిగిన వెండిని చూసి "శుభ్రం చెయ్యరా" అని కోప్పడకండి. మిలమిలలాడే పాత వెండినే అనుమానించాలి.

బంగారు టిఫిన్ డబ్బా ఊసెత్తకుండా పురానీ హవేలీ మాట ముగియదు. రాళ్ళు పొదిగిన మూడు గిన్నెల డబ్బా, దానితో బంగారు కప్పు, సాసరు, చెంచా. 2018 సెప్టెంబరు 2 రాత్రి వెంటిలేటరు గుండా తాడుతో దిగి ఎత్తుకుపోయారు. పదిరోజులు తిరక్కుండానే హైదరాబాదు పోలీసులు పట్టుకున్నారు. దొంగల్లో ఒకడు ఆ డబ్బాలో అన్నం తిన్నాడని పోలీసులు చెప్పడంతో ఊరంతా కొన్నాళ్ళు నవ్వుకుంది. నిజాం దాన్ని భోజనానికి వాడిన దాఖలా లేదు, దొంగ వాడాడు అని జోకు. నవ్వులాట పక్కన పెడితే, పాత హవేలీని మ్యూజియం చేస్తే వచ్చే చిక్కు అందులో ఉంది. గాలి ఆడటానికి కట్టిన ఎత్తైన వెంటిలేటర్లు, మిద్దె మీదికి తేలిగ్గా ఎక్కే పక్కిళ్ళు, పొడవాటి నడవాలు. నివాసానికి సుఖంగా ఉన్న ప్రతి ఏర్పాటూ కాపలాకి తలనొప్పే.

ఇవన్నీ ఏ సందర్భంలో వాడారో తెలియాలంటే చౌమహల్లాకి నడవాలి. 1750 ప్రాంతంలో సలాబత్ జంగ్ మొదలుపెట్టిన మహల్, అయిదో నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో, అంటే 1857-69 మధ్య పూర్తయింది. అఫ్జల్, మహతాబ్, తహ్నియత్, ఆఫ్తాబ్ అనే నాలుగు మహళ్ళు. ఖిల్వత్ ముబారక్ అనే దర్బారు హాల్లో పాలరాతి వేదిక, తఖ్తె నిషాన్. దాని మీద గద్దె వేసేవారు. 1967 ఫిబ్రవరిలో ఉస్మాన్ అలీఖాన్ పోయాక, ఏప్రిల్లో మనవడు ముకర్రం జా గద్దెనెక్కింది ఇక్కడే. రాజ్యం 1948లోనే పోయింది, రాజప్రముఖ్ పదవి 1956లో పోయింది, 1971లో రాజభరణాలు పోయాయి. ఆ పట్టాభిషేకం అప్పటికే జ్ఞాపకం లాంటిది. 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో చనిపోయిన ముకర్రం జాని ఇదే ఖిల్వత్‌కి తెచ్చి, జనం చూశాక మక్కామసీదులో పూర్వీకుల పక్కన ఖననం చేశారు. ఆ రోజు వరసలో నిలబడ్డవాళ్ళలో చాలామందికి రాజరికం గురించి తెలిసింది ఇళ్ళలో విన్న కబుర్లే.

దర్బారు రోజుల్లో నడక, చూపు, చేతులు అన్నిటికీ పద్ధతి ఉండేది. షేర్వానీ మీద బగ్లూస్ అనే నడుము పట్టీ, తల మీద దస్తార్ లేకుండా లోపలికి రానిచ్చేవారు కాదు. వంగి వంగి ఏడు సలాములు చేసి, రెండు అరచేతుల మీద పరిచిన రుమాలులో నజర్, అంటే కానుక పెట్టి అందించాలి. వాడుక ప్రకారం ఒక అష్రఫీ (బంగారు నాణెం), నాలుగు వెండి రూపాయలు. పాత నిజాములు తాకి తిరిగి ఇచ్చేసేవాళ్ళనీ, ఏడో నిజాం మాత్రం ఉంచేసుకునేవాడనీ హైదరాబాదులో చెప్పని ఇల్లు లేదు. ఆ రూపాయలే హాలీ సిక్కా. ఒకవైపు చార్మినార్ బొమ్మ. చార్మినార్ ద్వారంలోకి తేరిపార చూస్తే ఒక ఉర్దూ అక్షరం కనిపిస్తుంది. మీమ్ ఉంటే మహబూబ్ అలీది, ఐన్ ఉంటే ఉస్మాన్ అలీది. తాతల పెట్టెల్లో దొరికిన నాణేన్ని గుర్తుపట్టడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు. వెండి పాలు నూటికి 82కి కాస్త తక్కువ, అందుకే బ్రిటిష్ రూపాయి కన్నా మారకం తక్కువ. ఏడు హాలీలకి ఆరు కల్దార్లు, అంటే బ్రిటిష్ రూపాయలు. తెలంగాణ పల్లెల్లో పాత అప్పుల లెక్కలు చెప్పేటప్పుడు ముసలివాళ్ళు "హాలీనా, కల్దారా" అని అడిగేది ఇందుకే.

ఖిల్వత్‌లో 19 బెల్జియం గాజు దీపగుచ్ఛాలు వేలాడుతుంటాయి. మహల్ మూతబడి ఉన్న దశాబ్దాల్లో అవి కళ తప్పాయి. 2000 తర్వాత ముకర్రం జా మొదటి భార్య ఎస్రా యువరాణి చొరవతో మరమ్మతులు జరిగి, 2005లో జనానికి తెరిచారు. 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. దీపగుచ్ఛం శుభ్రం చేయడం పనివాళ్ళకి గండమే. ప్రతి గాజు చుక్కా ఇత్తడి పిన్నుతో వేలాడుతుంది. అమ్మోనియా ఉన్న ద్రావకం చల్లితే గాజు మెరుస్తుంది, పిన్ను తినేసుకుపోతుంది, కొన్నాళ్ళకి చుక్క జారి నేలపాలు. విప్పేముందు వరసల వారీగా అంకెలు వేసి పటం గీసుకోకపోతే, మళ్ళీ కట్టేటప్పుడు ఏ చుక్క ఏ కొమ్మదో ఎవరికీ తెలియదు. చూసేటప్పుడు నేరుగా కింద నిలబడకండి. హాలు మూల నుంచి, వేదిక వైపు చూస్తే, వరసలన్నీ ఒకదాని వెనక ఒకటి పడి బాగుంటాయి. బయట షెడ్డులో పసుపు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారు ఉంది. పసుపు ఆసఫ్‌జాహీల రంగు. జెండా పసుపే, దస్తార్ పసుపే. మధ్యలో ఉండే గుండ్రని గుర్తు కుల్చా రొట్టె అని, మొదటి నిజాంకి ఒక ఫకీరు పెట్టిన రొట్టెల కథ నుంచి వచ్చిందని చెబుతారు.

ఇప్పుడు లేని మూడో వంతు, నగలు. 1951, 1952లలో ఉస్మాన్ అలీఖాన్ రెండు ట్రస్టులు పెట్టి నగలని వాటికింద ఉంచాడు. వారసులు అమ్మకానికి పెట్టడం, బయటి కొనుగోలుదారులు రావడం, కోర్టు గొడవలు, ఇవన్నీ అయ్యాక 1995లో భారత ప్రభుత్వం సుమారు 218 కోట్ల రూపాయలకి కొన్నది. మొత్తం 173 నగలు. కలికితురాయిలు, సర్‌పేచ్‌లు (తలపాగా నగలు), బాజూబందులు, బగ్లూస్‌లు, హారాలు, గుండీలు, మెట్టెలు, పైన 22 పొదగని పచ్చలు.

ఎక్కువ భాగం కుందనపు పని. బంగారు గూటిలో లక్క నింపి, దాని మీద మెరుగు రేకు పరిచి, రాయి కూర్చోబెట్టి, చుట్టూ మేలిమి బంగారు పట్టీని ఉక్కు మొనతో చల్లగానే నొక్కుతారు. అంత శుద్ధమైన బంగారం వేడి లేకుండానే తనకి తానే అతుక్కుంటుంది. వేడి చేస్తే లక్క కరుగుతుంది, అందుకే ఈ పద్ధతి. రాయికి వెనక నుంచి కాంతి రాదు కాబట్టి మెరుపంతా కింది రేకుదే. నీళ్ళు చొరబడితే రేకు నల్లబడుతుంది, రాయి చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. కుందనం నగని సబ్బు నీళ్ళలో వేయవద్దనడం ఇందుకే. వెనక వైపు మీనా పని ముందు వైపు కన్నా అందంగా ఉండటం కద్దు, అది ఒంటికి తగిలే వైపు, తొడిగినవాళ్ళకే తెలిసేది. ఈసారి ఎప్పుడైనా ప్రదర్శన పెడితే కింద అద్దాలు అమర్చాలి.

ముత్యాలలో సత్‌లడా అనే ఏడు వరసల హారానిది మొదటి పేరు. 465 ముత్యాలు, బస్రా ముత్యాలుగా ప్రసిద్ధి. ముత్యానికి చెమట, అత్తరు రెండూ పడవు. అత్తరు పూసుకున్నాక హారం వేసుకోవాలి, తీశాక మెత్తటి గుడ్డతో తుడవాలి. పట్టుదారం సాగి నల్లబడితే ముత్యాల మధ్య ముడుల దగ్గర మొదట తెలుస్తుంది, అప్పుడే మళ్ళీ కూర్చాలి. ఈ జాగ్రత్తలు చార్మినార్ దగ్గరి పత్తర్‌గట్టీ ముత్యాల దుకాణాల్లో ఇప్పటికీ చెబుతారు.

జేకబ్ వజ్రం గోల్కొండ వజ్రం కాదు. చాలామంది పొరబడే చోటు ఇదే. అది దక్షిణాఫ్రికా రాయి. 184.75 క్యారట్లు, దాదాపు నాలుగు సెంటీమీటర్ల పొడవు. ఇప్పటి కోహినూరు 105.6 క్యారట్లే. గోల్కొండ వజ్రాలు అసలు గోల్కొండలో దొరకలేదు. కృష్ణ ఒడ్డున కొల్లూరు, పరిటాల వైపు తవ్వి గోల్కొండ బజారులో అమ్మేవారు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది. 1891లో అలెగ్జాండర్ మాల్కం జేకబ్ అనే వ్యాపారి ఈ వజ్రాన్ని మహబూబ్ అలీఖాన్‌కి అమ్మబోయాడు. బేరం 46 లక్షలు, బయానా 23 లక్షలు. బేరం బెడిసి కలకత్తా హైకోర్టుకి ఎక్కింది. జేకబ్ నిర్దోషిగా బయటపడ్డాడు. నిజాం సాక్ష్యం చెప్పాల్సిరావడంతో ఆ రాయి మీదే విరక్తి కలిగిందంటారు. తండ్రి పోయాక ఉస్మాన్ అలీఖాన్‌కి అది బూటు ముందు భాగంలో గుడ్డలో చుట్టి దొరికిందని, కాగితాల మీద బరువుగా వాడాడని ఊరంతా చెప్పుకునే కథ.

ఈ నగలు హైదరాబాదులోనే శాశ్వతంగా ఉండాలన్న మాట చాలా ఏళ్ళుగా వినిపిస్తోంది. భద్రత, బీమా, భవనం అని అడ్డంకులు చెబుతారు. అవన్నీ నిజమే గానీ, నగ అనేది అది తొడుక్కుని తిరిగిన చోట చూస్తేనే అర్థమవుతుంది. ఢిల్లీలో గాజు కింద కలికితురాయి చూసినవాళ్ళకి అది పసుపు దస్తార్ మీద ఏ వైపుకి వంగేదో తెలియదు.

చూడాలనుకునేవాళ్ళు ముందు చౌమహల్లాకి వెళ్ళండి. దర్బారు చూశాక పురానీ హవేలీ కానుకలు చూస్తే వాటి స్థానం తెలుస్తుంది. రెండూ శుక్రవారం మూసి ఉంటాయి, సాలార్‌జంగ్ కూడా అంతే. చౌమహల్లాకి కనీసం రెండు గంటలు, పురానీ హవేలీకి ఒక గంట పెట్టుకోండి. ఫిలిగ్రీ ఏనుగు ముందు, అల్మారా లిఫ్టు దగ్గర జనం ఆగరు కాబట్టి అక్కడ తీరిగ్గా చూడొచ్చు. టిఫిన్ డబ్బా దగ్గర మాత్రం తోపులాటే.